అమ్మ పాత కొలతలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. వెనక గదిలో మంచం మీద అమ్మ, ముందు గదిలో కంప్యూటర్ దగ్గర టేపక్క, వంటగదిలో ఆమె తమ్ముడి భార్య, గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తూ తమ్ముడు. మధ్యాహ్నానికి ఆసుపత్రి బండి వస్తుంది. అమ్మను తీసుకెళ్తారు.

మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది కాబట్టి టేపక్కకు ఆ పేరు. కుట్టు దుకాణాల వాళ్లు కొలతలు పంపితే కంప్యూటర్‌లో చొక్కాలకూ గౌన్లకూ నమూనాలు గీస్తుంది. వాటిని ముక్కలుగా కాగితాల మీద ప్రింటు తీసి, అంచులు కలిపి అతికించి పంపుతుంది. ఏళ్ల తరబడి అదే పని. నడుము కాస్త వంగింది. కత్తెర రాసుకుని రాసుకుని బొటనవేలి మీద కాయ కాసింది.

ప్రతి నమూనా మొదటి కాగితంలో ఒక మూల చిన్న చతురస్రం ఉంటుంది. ప్రింటు రాగానే దాని కొలత సరిగ్గా వచ్చిందో లేదో స్కేలు పెట్టి చూడాలి. ‘యాక్చువల్ సైజ్’ అని పెట్టి తీస్తే గీసినంతే వస్తుంది. పొరపాటున ‘ఫిట్ టు పేజ్’ ఉందా, బొమ్మ కాగితం అంచుల్లోపల పట్టాలని మిషను దాన్ని కాస్త కుదించేస్తుంది. చూపుకి తేడా తెలియదు. తొడుక్కున్నాక చంకల్లో తెలుస్తుంది. “స్కేలు పెట్టనిదే కత్తెర ముట్టుకోకు,” అని మరదలికి ఎన్నోసార్లు చెప్పింది.

ఆ పూట కుట్టాల్సింది అమ్మకే. “ఆసుపత్రి వాళ్ల బట్టలు నాకొద్దు. ముందు గుండీలు పెట్టి ఒక చొక్కా కుట్టవే, అది తొడుక్కునే వెళ్తా,” అని అమ్మ అడిగి చాలా రోజులైంది. వాళ్లవీ వీళ్లవీ అయ్యాక కుడదామని టేపక్క వాయిదా వేస్తూ వచ్చింది. అసలు కారణం పని కాదు.

“ఒకసారి టేపు పెట్టి చూడవే,” అంది అమ్మ, మందు మింగి.

“నీ కొలతలు నా దగ్గరున్నాయిలే.”

“ఎప్పటివే అవి? నేను మిషను తొక్కేనాటివి.”

“కాసేపు మాట్లాడకుండా పడుకోమ్మా.”

“పడుకోక, లేచి గంతులేస్తున్నానా?”

టేపక్క నవ్వలేదు. అమ్మకి ఒళ్లు తుడిచేటప్పుడు కూడా ఆమె పక్కకి చూస్తూ గబగబా తుడిచేసి దుప్పటి లాగేస్తుంది. టేపు పెడితే అంకె కనిపిస్తుంది. కనిపించాక ఏమీ కానట్టు ఉండడం కుదరదు.

కంప్యూటర్‌లో పాత కొలతలే తెరిచింది. ఆ అంకెల్లో అమ్మ ఇంకా బొద్దుగా, భుజాలు విరుచుకుని ఉంది. ఇంతలో వెనక గదిలోంచి దగ్గు తెర. “కాస్త ప్రింటు కొట్టమ్మా,” అని మరదలికి చెప్పి అటు పరుగెత్తింది.

మరదలు కొట్టింది. ముందు రోజు డాక్టరు చీటీ ప్రింటు తీసుకున్నది తనే. అప్పుడు పెట్టిన ‘ఫిట్ టు పేజ్’ అలాగే ఉండిపోయింది. టేపక్క తిరిగొచ్చి కాగితాలు అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరించేసింది. స్కేలు పెట్టలేదు. మనసు ఆ దగ్గు దగ్గరే ఉంది.

చివరి గుండీ కుట్టి దారం కొరుకుతుంటే నేల మీద పడున్న కాగితంలో చతురస్రం కంటబడింది. స్కేలు పెట్టింది. ఉండాల్సిన దానికన్నా చిన్నగా ఉంది.

“ఎలా తీశావు నువ్వు?”

మరదలు బిక్కచచ్చిపోయింది. “ఎలా ఉంటే అలా కొట్టేశాను వదినా. చూసుకోలేదు.”

“నిన్నని ఏం లాభం! ఊరందరికీ సరిగ్గా ఇచ్చి, మా అమ్మకి ఒక్క చొక్కా కుట్టలేకపోయాను.”

మళ్లీ కుట్టే వ్యవధి లేదు. బండి మలుపు తిరిగిందని తమ్ముడు కేకేశాడు.

వదినా మరదళ్లిద్దరూ అమ్మను లేపి కూర్చోబెట్టి చొక్కా తొడిగారు. ఎక్కడ బిగుస్తుందోనని టేపక్క ఊపిరి బిగబట్టి గుండీలు పెట్టింది. ఎక్కడా బిగుసుకోలేదు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీద కూర్చుంది. పక్కల్లో ఇంకా కాస్త వదులే. చొక్కా చేతులు మాత్రం మణికట్టుకి పైనే ఆగిపోయాయి.

అమ్మ బతుకంతా బట్టలు కుట్టిన మనిషి. పక్క కుట్టును రెండు వేళ్లతో పట్టి చూసుకుంది.

“ఇది పాత కొలత కాదే.”

“ప్రింటు తప్పు పడిందమ్మా. చిన్నదైపోయింది.”

“సరిపోయిందిగా!” అమ్మ నవ్వింది. “మిషనుకి తెలిసింది, నీకు తెలియలేదు చూడు.”

టేపక్క తల దించుకుంది.

“ఇప్పుడైనా పెట్టవే టేపు.”

మెడలోంచి టేపు తీసింది. వంగి అమ్మ వీపు చుట్టూ తిప్పుతుంటే అమ్మ చెంప తన చెంపకి తగిలింది, వేడిగా. టేపు ముందుకి లాగి కలిపింది. చాలా మిగిలిపోయింది.

“ఎంత?” అంది అమ్మ.

టేపక్క అంకె మీద బొటనవేలు నొక్కి అలాగే పట్టుకుంది.

అమ్మ మళ్లీ ఇంటికి రాలేదు. ఆ చొక్కా చివరిదాకా విప్పనివ్వలేదని తమ్ముడు తర్వాత ఫోన్లో చెప్పాడు. ఆ మధ్యాహ్నం మాత్రం, బండిలో తోడుగా ఒక్కరికే చోటన్నారు. ఎత్తి దించాలి కాబట్టి తమ్ముడు ఎక్కాడు.

“చేతులు పొట్టిగా వచ్చాయే,” అంది అమ్మ లోపల్నుంచి. “వచ్చాక పొడుగు చేద్దువుగాని.”

టేపక్క ఏదో అనబోయింది. బండివాడు ఆమె ముఖం మీదే తలుపు వేసేశాడు. చేతిలో టేపు వేలాడుతోంది, ఆ అంకె మీద బొటనవేలు ఇంకా నొక్కే ఉంది.