తడి తల

ఆ క్వార్టర్లో దువ్వెన తీస్తే చాలు, ఎనిమిదేళ్ళ భానుశ్రీ మంచం కింద దూరేది. దువ్వెన పట్టుకునేది రాజ్యశ్రీ. ఇనుప గనిలో డంపర్ నడిపే ఉమామహేష్‌కు రెండో భార్యగా, ఐదు నెలల కిందట శ్రీకాకుళం నుంచి హిందీ మాట్లాడే ఈ గని ఊరు కిరండూల్ వచ్చింది. భానుశ్రీని కన్న తల్లి దేవిశ్రీ పోయి రెండేళ్ళు దాటింది. దేవిశ్రీది ఉంగరాలు తిరిగిన ఒత్తయిన జుట్టు, పిల్లకూ అదే వచ్చింది. రాజ్యశ్రీదా, జారిపోయే నున్నటి జుట్టు. బుద్ధెరిగినప్పటి నుంచి తన తలలో చిక్కు పడి ఎరగదు. అలాంటి మనిషి చేతికి ఆ తల అప్పగించారు!

రోజూ పొద్దున్నే అదే గొడవ. పిల్ల రెండు చేతులతో కుదుళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చునేది. రాజ్యశ్రీ సన్నపళ్ళ దువ్వెన మాడు మీద పెట్టి కిందికి లాగేది. దువ్వెన సగంలోనే ఇరుక్కునేది. ఇంకాస్త బలంగా లాగితే వెంట్రుకలు టప్‌టప్‌మని తెగేవి. గని దుమ్ముతో ఎర్రబారిన ఆ వెంట్రుకల ఉండను దువ్వెన నుంచి తీసి దాచలేక చచ్చేది. పిల్ల ఏడ్చేది కాదు, పెదవి కొరుక్కునేది. ఏడ్చినా నయమే, కనీసం ఊరడించడానికి వీలుండేది.

పక్క క్వార్టరు పూనం ఒకరోజు ఆ ఉండను చూసి, ఎవరితోనో "సౌతేలీ" అంది. రాజ్యశ్రీకి అప్పటికి వచ్చిన హిందీ అంతంత మాత్రం. సవతి తల్లి అనే ఆ మాట మాత్రం ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

ఆ ఆదివారం అత్తగారు వరహాలమ్మ తేల్చి చెప్పేసింది.

"ఏటమ్మా రోజూ ఈ గోల? అయిదింటికి పార్లర్‌కి తీసుకెళ్ళి బాబ్ కటింగ్ చేయించీ. దానికీ సుఖం, నీకూ సుఖం."

"వద్దు నానమ్మా, ఇది అమ్మ జుట్టు," అంది భానుశ్రీ.

ఆ పిల్ల తల్లి గురించి నోరెత్తడం రాజ్యశ్రీ వినడం అదే మొదటిసారి. కత్తెర పడితే ఇక జన్మలో ఈ పిల్ల తన దగ్గరికి రాదని ఆమెకు తెలిసిపోయింది. కూరగాయల సంచీ పట్టుకుని బయటపడింది కానీ, సంతకు వచ్చాక ఏం కొనాలో గుర్తు రాలేదు.

ఇప్పనూనె సీసాలు పెట్టుకుని కూర్చున్న కమ్లీ దగ్గర ఆమె కాళ్ళు ఆగాయి. కమ్లీది తెలుగు నేల సరిహద్దున ఉసూర్ వైపు పల్లె, అందుకే తెలుగు మాట్లాడుతుంది. ఆమె జుట్టూ రింగులు రింగులే. కొప్పులో ఒక చెక్క దువ్వెన గుచ్చి ఉంది.

"ఏమ్మా, ఈ జుట్టు ఎలా దువ్వుతావు?"

"నువ్వెట్ల దువ్వుతవు, చెప్పు ముందు."

రాజ్యశ్రీ గాలిలో చేయి పై నుంచి కిందికి లాగి చూపించింది.

"ఎండిన తలనా? పిల్లను బతకనిస్తవా, ఏంది?" కమ్లీ పడీ పడీ నవ్వింది. "తడి చెయ్యాలె. నూనె రాయాలె. కొసల కాడ షురూ చెయ్యి, మెల్లగ పైకి పో. చిక్కు కనబడితే దాని మీదికెల్లి ఇట్ల పిడికిట్ల పట్టుకో. గుంజుడు నీ చేతికి తెల్వాలె, పిల్ల మాడుకు తెల్వొద్దు."

"తడి తల దువ్వకూడదంటారు కదా?"

"ఎవలన్నరు?"

"మా అమ్మ."

"మీ అమ్మదీ నీ అసొంటి జుట్టేనా?"

"ఆ."

"మరి ఆమెకేం ఎరుక?"

రాజ్యశ్రీ నూనె తీసుకుని, ఆ చెక్క దువ్వెన కూడా ఇమ్మంది. కమ్లీ చప్పున కొప్పు మీద చేయి వేసుకుంది. "ఇదా? మా ఆయన చెక్కిచ్చిండు, ఎవలకీ ఇయ్య. నీకు వేళ్ళు లేవా, ఏంది?"

ఇంటిదారి పట్టాక గుర్తొచ్చింది. తను కాపురానికి వచ్చిన వారంలోనే ఒక ఉదయం భానుశ్రీ స్నానం చేసి, నీళ్ళోడుతున్న తలతో ఒక చేత్తో మగ్గు, ఒక చేత్తో నీలం దువ్వెన పట్టుకుని వచ్చింది. వచ్చి తన ముందు వీపు పెట్టి కూర్చుంది. "అయ్యో, తడి తల దువ్వకూడదమ్మా," అని తువ్వాలుతో బరబరా తుడిచేసింది తను. ఆ దువ్వెనేమో ఎడమెడంగా నాలుగు పళ్ళతో ఉంది. విరిగిపోయిందనుకుని చెత్తలో వేసింది. అది ఇలాంటి జుట్టు దువ్వే దువ్వెన, దేవిశ్రీదే అయి ఉంటుంది. ఆ తర్వాత పిల్ల తనంతట తాను ఎప్పుడూ వచ్చి కూర్చోలేదు. నడిరోడ్డు మీద రాజ్యశ్రీ సిగ్గుతో చచ్చిపోయింది. ఎరగక చేసిందే, అయినా చేసింది తనే.

ఇంటికి వచ్చేసరికి పిల్ల పార్లర్‌కి చెప్పులు వేసుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. రాజ్యశ్రీ మగ్గుతో నీళ్ళు తెచ్చి దాని పక్కన కూలబడింది.

"భానూ, మీ అమ్మ దువ్వెన నేనే పారేశాను. విరిగిపోయిందనుకున్నాను. తప్పయిపోయింది."

"తెలుసు పిన్నీ. చెత్తలో చూశాను. తీద్దామనుకునేలోగా బండివాడు పట్టుకుపోయాడు."

రాజ్యశ్రీకి కళ్ళు నిండిపోయాయి. "దువ్వెన లేదు. వేళ్ళతో తీస్తాను. మీ అమ్మ ఎక్కడ మొదలుపెట్టేదో చెప్పవూ?"

పిల్ల చెప్పులు విడిచి, ఆమె ముందు వీపు పెట్టి కూర్చుంది. "ముందు నీళ్ళు. అప్పుడు కింద నుంచి," అంది. అని, అలవాటుగా రెండు చేతులతో కుదుళ్ళు పట్టేసుకుంది.

రాజ్యశ్రీ తల తడిపింది. ఎర్రనీళ్ళు కారి ఆమె చీర కుచ్చిళ్ళు తడిశాయి. నూనె రాసి, కొసల దగ్గర ఒక పాయ పిడికిట్లో పట్టుకుని, కింది ముడిని వేళ్ళతో విప్పింది. కొన్ని వెంట్రుకలు చేతికి వచ్చాయి కానీ, తెగిన చప్పుడు లేదు. ఇంకో ముడి విప్పింది. మరొకటి.

"పార్లర్ మూసేస్తారే!" అంది లోపలి నుంచి వరహాలమ్మ.

"మూసుకోనీండి అత్తయ్యా."

సగం తల అయ్యేసరికి భానుశ్రీ కుదుళ్ళు వదిలేసింది. చేతులు ఒడిలో పెట్టుకుంది. తర్వాత, తల తిప్పకుండానే, చెవి వెనక పాయ ఒకటి వెతికి తీసి రాజ్యశ్రీ చేతిలో పెట్టింది.

"ఇక్కడ గట్టి చిక్కుంది పిన్నీ. ఇది కూడా తియ్యి."