చీటీలో పిన్ని పేరు

ఆ ఇంట్లో ప్రతి ఆదివారం ప్రార్థన చివర్లో చీటీలు పంచేవారు. ఆ వారం భక్తిలో మనల్ని కిందికి లాగినవాళ్ళలో ఒకరి పేరు రాసి, మడిచి, గిన్నెలో వేయాలి. గిన్నె అన్నయ్య ముందుకు వెళ్ళేది. ఆయన నా తోడబుట్టినవాడు కాదు. అక్కడ ముసలివాళ్ళు కూడా ఆయన్ని అన్నయ్య అనే పిలిచేవారు. ఖాళీ చీటీ వేయకూడదన్న నియమం ఏదీ లేదు. కాకపోతే అలాంటిది కనిపిస్తే ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఎవరో మనందరికంటే ఎత్తులో ఉన్నారు" అని నవ్వేవాడు. గదిలో అందరం తలలు దించుకునేవాళ్ళం.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది మా కుట్టుమిషన్ల షెడ్డులో గుడ్డలు కత్తిరించే ఆవిడ. చెవి మీద ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది కాబట్టి అందరూ సుద్దక్క అంటారు. మేం స్కూలు పిల్లల యూనిఫాంలు, ఆస్పత్రి కోట్లు కుడతాం. దారాలు కత్తిరించి, కాలర్లు సరిచూడటం నా పని. మా పిన్ని గుండీలకు కాజాలు తీసే మిషన్ మీద ఉంటుంది. ఊళ్ళో పదో తరగతి అయిపోయాక అమ్మ నన్ను పిన్ని దగ్గరికి పంపింది. పిన్నికి పిల్లల్లేరు. బాబాయి పోయి అప్పటికి రెండేళ్ళు. ఒక్క గదిలో ఇద్దరం. ఆ గదిలో మాటలన్నీ ఆమెవే.

"నీతో ఉండటం కంటే గోడతో ఉండటం నయమే. దానికి కనీసం సున్నమైనా రాలుతుంది" అనేది.

పిన్ని వీధి చివర ఉన్న మందిరానికి వెళ్ళేది. మనసైతే వెళ్తుంది, లేకపోతే లేదు. వెళ్ళినా వెనక వరసలో కూర్చుంటుంది. అక్కడ ప్రసంగం చేసే పెద్దాయన సాగదీస్తే హాయిగా కునుకు తీస్తుంది. బయటికి వచ్చాక మెట్ల మీదే ఆయన్ని పట్టుకుని, "ఏమండీ, పోయినవారం చెప్పిందే మళ్ళీ చెప్పారు. దేవుడికైనా విసుగు రాదా?" అని అడుగుతుంది.

ఆయన తల గోక్కుని, "అయితే పోయినవారం మీరు మేలుకునే ఉన్నారన్నమాట" అంటాడు.

అదంతా నాకు భక్తిలా అనిపించేది కాదు. నాలుగేళ్ళు పిన్ని వెంట వెళ్ళినా అక్కడ నా పేరు ఎవరికీ తెలియదు. సుద్దక్క తీసుకెళ్ళిన ఇంట్లో రెండో వారానికే అందరికీ తెలుసు. నాకు జ్వరమొస్తే ముగ్గురు పాలు, మందులు పట్టుకుని వచ్చారు. నేను మాట కోసం వెతుక్కుంటుంటే తొందరపెట్టకుండా ఆగేవాళ్ళు. నాలాంటిదానికి ఇంకేం కావాలి?

పిన్నిని కూడా ఒకసారి తీసుకెళ్ళాను. చీటీల సమయానికి ఆమె నా వైపు వంగి, "నాకు అక్షరాలు కుదురుగా రావు, నువ్వే రాయవే" అంది.

"ఎవరి పేరు రాయను పిన్నీ?"

"నన్ను కిందికి లాగేది ఇంకెవరే? ఆ కాజాల మిషన్. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నడుం వంచేస్తోంది. రాయి."

ఆమె గుసగుస కూడా పక్క గదికి వినిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేకపోయారు. అన్నయ్య కూడా నవ్వాడు. కానీ ఆ తర్వాత ఆయన పిన్ని వైపు చూడలేదు.

ఇంటికి వస్తూ పిన్ని అడిగింది. "పేర్లు తీసుకుని ఆయనేం చేస్తాడే?"

"మనకోసం ప్రార్థిస్తాడు."

"దానికి ఎదుటివాళ్ళ పేరెందుకు?"

"నీకన్నీ వేళాకోళమే పిన్నీ. అక్కడైనా, మందిరంలోనైనా దేవుడు ఒక్కడే కదా."

"దేవుడు ఒక్కడేలే. నేనెవరితో మాట్లాడుతున్నానో మా పెద్దాయనకి అక్కర్లేదు. ఈయనకి కావాలి." ఆమె మళ్ళీ రాలేదు. నన్ను వెళ్ళొద్దని కూడా అనలేదు.

ఆ తర్వాత మూడు వారాలు నేను ఖాళీ చీటీ వేశాను. నిజంగానే నాకెవరి పేరూ తోచలేదు. మూడోసారి, అది నాదేనని ఎలా పసిగట్టాడో, అన్నయ్య నన్ను పక్కకి పిలిచి, చాలా మెత్తగా, "అమ్మా, దాచుకున్నదే మనల్ని ముంచేది" అన్నాడు. వెనక సుద్దక్క కళ్ళు తుడుచుకుంటోంది. ఆమెను నేను తలదించుకునేలా చేశానని బాధేసింది.

నాలుగో వారం పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. షెడ్డులో సూపర్‌వైజర్ పేరు రాస్తే ఆయనకేమైనా అవుతుందేమో. పక్క గదివాళ్ళ పేరు రాస్తే పాపం, వాళ్ళేం చేశారు? పరాయివాళ్ళ పేరు రాయడానికి చెయ్యి రాలేదు. పిన్ని అయితే మన మనిషే. తెలిసినా రెండు తిట్లు తిట్టి ఊరుకుంటుంది. అలా అనుకుని "పిన్ని" అని రాశాను. అంతకంటే ఆలోచించలేదు. మడిచి గిన్నెలో వేశాక ప్రాణం తేలికపడింది కూడా.

అన్నయ్య ఆ చీటీ చదివి చాలా సంతోషించాడు. నలభై రోజులు పిన్నితో ఒక్క మాటా మాట్లాడకూడదన్నాడు. కోపంతో కాదట, ప్రేమతోనే. అందరూ వచ్చి నా చేతులు పట్టుకున్నారు.

ఇంటికి వెళ్ళి ఒక కాగితం మీద సంగతి రాసి పిన్నికి ఇచ్చాను. ఆమె వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివింది. "నా పేరా?" అంది. తర్వాత నవ్వింది. "సరేలే, ఇన్నాళ్ళూ నువ్వేదో ఉపన్యాసాలు ఇచ్చినట్టు!"

మొదటి వారం ఆమె తన మాటలు తను చెప్పుకుంటూ పోయింది. కూరలో ఉప్పు తక్కువైందని, ఇంటివాళ్ళ పిల్లి మళ్ళీ ఈనిందని. నా వంతు జవాబులు కూడా తనే చెప్పేది, నా గొంతు పెట్టి. రెండో వారం బతిమాలింది. "ఒక్క ఊ అనవే. ఊ అంటే మాట కాదుగా. మీ అన్నయ్యకి నేను చెప్తాలే." నేను పళ్ళెం వైపు చూస్తూ తిన్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు లోలోపల గర్వంగా ఉండేది. జీవితంలో మొదటిసారి నా మౌనానికి ఒక విలువ వచ్చిందనుకున్నాను.

ఇరవై ఆరో రోజు, భోజనాల గంట కొట్టబోతుండగా, పిన్ని చెయ్యి మిషన్ కింద పడింది. కాజా మధ్యలో గుడ్డని చీల్చే చిన్న కత్తి ఆమె చూపుడువేలిలో దిగింది. నేను రెండు మిషన్ల అవతల ఉన్నాను. పిన్ని అరవలేదు. నా పేరు పెట్టి పిలిచింది, ఒక్కసారే.

నేను లేచి నిలబడ్డాను. నాకూ ఆమెకూ మధ్య ఆరడుగుల దూరం ఉంటుంది. సుద్దక్క కత్తిరించే బల్ల దగ్గర నుంచి నా వైపే చూస్తోంది. కాదనలేదు, అవుననలేదు. ఊరికే చూస్తోంది. ఇంతలో ఇస్త్రీ చేసే ముసలావిడ పరుగెత్తుకుంటూ వచ్చి, పిన్ని వేలికి ఆస్పత్రి కోటు గుడ్డ చుట్టి, "ఏమే, బొమ్మలా నిలబడ్డావేం? నీళ్ళన్నా తే!" అని నామీద కేకేసింది. నీళ్ళు తెచ్చాను. గ్లాసు ఆవిడ చేతికే ఇచ్చాను, పిన్నికి కాదు. సూపర్‌వైజర్ వాళ్ళిద్దరినీ ఆస్పత్రికి పంపాడు. నేను కూర్చుని మళ్ళీ దారాలు కత్తిరించాను.

సాయంత్రం గదికి వెళ్ళేసరికి పిన్ని తన పెట్టె సర్దుకుంటోంది. ఇస్త్రీ ఆవిడ ఇంట్లో ఒక మంచం ఖాళీగా ఉందట. ఒంటి చేత్తో బట్టలు మడవడం ఆమెకు కష్టమవుతోంది. సాయం చేశాను. ఇద్దరం కలిసి దుప్పటి మడిచాం, చెరో రెండు కొసలూ పట్టుకుని. ఆమె కూడా ఏమీ మాట్లాడలేదు. ఆమె నోటినుంచి మాట రాకపోవడం నేను చూడటం అదే మొదలు.

నలభై రోజులు పూర్తయ్యాక ఆ ఇంట్లో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మరో నాలుగు నెలలు వెళ్ళాను. ఒక సోమవారం పొద్దున షెడ్డులో సుద్దక్కని పలకరిస్తే ఆమె సుద్దముక్క తీసుకుని గుడ్డ మీద గీతలు గీసుకుంటూ ఉండిపోయింది. అప్పుడర్థమైంది, చీటీలో ఈసారి నా పేరు. ఆమె మీద నాకు కోపం రాలేదు. బహుశా ఆమె కూడా నాలాగే అనుకుని ఉంటుంది, ఇదైతే ఏమీ అనుకోదులే అని. ఆ మధ్యాహ్నం నేను ఒక్కదాన్నే కూర్చుని తింటున్నప్పుడు, ఆరడుగుల దూరం ఎంత దూరమో తెలిసింది.

తర్వాతి ఆదివారం నేను వెళ్ళలేదు. ఎవరూ అడగలేదు. జ్వరానికి పాలు తెచ్చిన ముగ్గురిలో ఒకామె బజారులో ఎదురుపడి అవతలి వైపుకి దాటిపోయింది.

పిన్నిని చూడటానికి ఇస్త్రీ ఆవిడ ఇంటికి వెళ్ళాను. పిన్ని కుర్చీ తుడిచి నా ముందు వేసింది. నాకెప్పుడూ అలా కుర్చీ వేసిన మనిషి కాదు. వేలు సగం వరకే వంగుతోంది.

"మానేశాను పిన్నీ."

"విన్నాను."

"తప్పయిపోయింది."

ఆమె కొంగుతో ఆ వేలు చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. "ఒకటడుగుతాను చెప్పు. ఎవరి పేరో ఒకటి రాయాలన్నారు, సరే. నా పేరెందుకే?"

"నువ్వైతే క్షమిస్తావని."

"క్షమించాను. పట్టీ విప్పిన రోజే క్షమించాను. చిన్నపిల్లవి, ఎవరో చెప్తే విన్నావు." గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "కానీ ఆ గదికి మాత్రం రాలేనే. నీకసలు మాటలు తక్కువ కదా. నువ్వు మామూలుగా ఊరుకున్నా, మళ్ళీ అదేనేమో అని నాకు గుండె దడదడలాడుతుంది. ఈ వయసులో నాకెందుకే?"

నేనిప్పుడు ఎక్కువ మాట్లాడటం నేర్చుకుంటానని చెప్పాలనుకున్నాను. ఆమె ముందు నోరు పెగల్లేదు.

పోయిన ఆదివారం మందిరానికి వెళ్ళాను. ఏడాదిన్నర అయ్యుంటుంది వెళ్ళి. మెట్ల మీద పెద్దాయన నన్ను చూసి, పేరు తెలియక కాసేపు తడుముకుని, "చాలా రోజులైందమ్మా, ఒంట్లో బాగుంటోందా?" అన్నాడు. అంతే. ఎక్కడికి వెళ్ళావనలేదు, ఎందుకు రాలేదనలేదు. నేను తల ఊపితే లోపలికి దారి ఇచ్చాడు. నేను నాలుగేళ్ళు చిన్నచూపు చూసిన ఆ పట్టీపట్టనితనంలో నాకెంత చోటు ఉండేదో అప్పుడు తెలిసింది.

పిన్ని వెనక వరసలో ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు జరగలేదు, అలా అని దూరంగానూ పోలేదు. ప్రసంగం ఎప్పటిలాగే సాగింది. అయిపోయి చెప్పులు వేసుకుంటున్నప్పుడు అడిగాను, "మధ్యాహ్నం గదికి రా పిన్నీ, వంట చేస్తాను."

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. వేసి, "చూద్దాంలే" అంది.

పిన్ని చూద్దాంలే అన్నదంటే రాదని నాకు తెలుసు. అయినా వెళ్ళి ఇద్దరికీ వండాను.