వంగిన కాలుకు దసరా పూజ

చౌటుప్పల్ దాటినంక హైవే పక్కన అమరేందర్ గోదాం ఉన్నది. పశువుల దాణా బస్తాలు, విత్తనాల డబ్బాలు ఆడ దిగుతయి. లోపల ఇనుప ర్యాకులు, నాలుగేసి అంతస్తులు. అంతస్తు అంతస్తుకు చెక్క ప్యాలెట్లు, వాటి మీద బస్తాలు. ఆఖరి వరుసల ఒక ర్యాకు కాలు మోకాలెత్తుల లోపలికి వంగింది. ఎండకాలంల పాత డ్రైవరు బస్తాలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండిని ఎన్కకు తీసుకుంట గుద్దిండు. డ్రైవరు పని ఇడిసిపెట్టి పోయిండు, వంకర మాత్రం మిగిలింది.

ఆ వంకర పక్కన్నే ప్రమీలమ్మ బల్ల. ఆమె, ఇంకొందరు ఆడోళ్లు ఆడ కూసోని విత్తనాల ప్యాకెట్లకు లేబుళ్లు అంటిస్తరు. గోదాం మొత్తంల మంచిగ తిరిగే ఫ్యాను ఆడనే ఉన్నది మరి. ఆమె కోడలు సుచరిత డిగ్రీ చదివి అదే గోదాంల సూపర్‌వైజర్‌గ చేస్తది. పొద్దున షట్టరు లేపంగనే సుచరిత కండ్లు ముందుగాల ఆ కాలు మీదికి, ఆ తర్వాత అత్త నెత్తి మీదికి పోయేటివి.

ఇదివరకు ఆరునెలలకోసారి ర్యాకులు బిగించిన కంపెనోళ్ల మనిషి వచ్చి కాళ్లు, బోల్టులు, అడ్డ కమ్ములు అన్నీ తడిమి సూసి పోయేటోడు. అమరేందర్ అది బంద్ పెట్టిండు. ఇన్నేండ్లల ఒక్క ర్యాకన్న పడ్డదా అని అడిగిండు. వంగిన కాలు మీది సరుకు దించుదమని సుచరిత ఎన్నిసార్లు అన్నా, దసరా అయినంక సూద్దమన్నడు. బల్ల జరుపుకోమంటె అత్త సుత ఇనలే. ఫ్యాను గాలి ఇడిసి ఉడికి సావాల్నా అని కోడలినే తిట్టింది.

ఇంతల బీమా కంపెనోళ్లు ర్యాకులు మంచిగున్నయని తనిఖీ కాయిదం అడిగిండ్రు. అమరేందర్ తనిఖీని ఆయుధ పూజ రోజే పెట్టుకున్నడు. ఒక్క దావత్‌తోని రెండు పనులు ఒడుస్తయని ఆయన లెక్క. ముందురోజు కాళ్లన్నిటికి పసుపుపచ్చ రంగు ఏయించిండు. వంకర దగ్గర రెండు పూతలు ఎక్కువ పడ్డయి. పూజనాడు దానికి బంతిపూల దండ కట్టిండ్రు. ఫోర్క్‌లిఫ్ట్ ముంగట కోడిని కోసి, నెత్తురు చక్రాలకు పూసి, మిగిలింది తెచ్చి ఆ కాలుకు పూసిండ్రు. దిష్టి పోతదట. జరసేపట్ల ఈగలు ముసిరి ఆ కాలు నల్లగయింది.

తనిఖీకి వచ్చినాయన పేరు శ్రీశైలం. కారు దిగి సక్కగ ఆఫీసుల కూలరు ముందట కూసున్నడు. సుచరిత బతిమాలి ఆఖరి వరుస దాకా తోలుకచ్చింది. ఆయన ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకోని దూరం నుంచే ఫోన్ల ఫోటో కొట్టిండు. దండ తీస్త, వంకర సూడుండ్రి అని ఆమె అంటె, పూజ చేసిన దాన్ని ముట్టుకుంటె పాపం తల్లీ అని ఎన్కకు మళ్లిండు. అప్పటికే గోదామంత దావత్‌కు వండే మటన్ వాసన.

సుచరిత ఇగ బతిమాలుడు ఇడిసిపెట్టింది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఇద్రీస్‌ను పిలిచి, వరండాల ఏసిన తిండి బల్లలను ఆఖరి వరుసకు తెప్పిచ్చింది. పెద్దసార్ల కుర్చీలు రెండూ సరిగ్గ ఆ కాలు పక్కన, ఫ్యాను కింద ఏపిచ్చింది. ఇస్తార్లు పరిచినంక పిలిస్తె, ఇద్దరూ నవ్వుకుంట వచ్చి సగం దారిల ఆగిండ్రు.

"గీడెవలు ఏయమన్నరు?" అన్నడు అమరేందర్.

"నేనే సార్. ఫ్యాను ఈడనే మంచిగ తిరుగుతది. మా అత్తోళ్లు రోజూ ఈడనే తింటరు."

"ఈగలు సూసినవా? బయట ఎయ్యి."

"నెత్తురు కడిగేస్త సార్. రెండు నిమిషాల పని."

శ్రీశైలం మెల్లగ తలెత్తి నాలుగో అంతస్తు బస్తాల దిక్కు సూసిండు. ఇస్తారి దిక్కు సూసిండు. ఒకడుగు ఎన్కకు ఏసి, బయట సల్లగున్నది, ఆడనే కూసుందమన్నడు.

ప్రమీలమ్మ ఇదంత సూస్తనే ఉన్నది. కొంగు నడుముకు చెక్కుకోని ముంగటికి వచ్చింది.

"సారూ, చెకింగ్ అయింది గద. కూసోరాదుండ్రి."

శ్రీశైలం నవ్విండు గని కూసోలే. అమరేందర్ సుత కూసోలే. ఇద్దరు మొగోళ్లు రెండు ఖాళీ కుర్చీల ముంగట నిలబడి, ఎవ్వలి మొఖం ఎవ్వలు సూడకుండ, గట్లనే వరండాలకు పోయిండ్రు.

ప్రమీలమ్మ ఇన్నేండ్లల మొదటిసారి తలెత్తి పైకి సూసింది. ఎంతసేపు సూసిందో. తర్వాత తన బల్ల అంచు పట్టుకున్నది.

"కోడలా, ఆ పక్క పట్టు."

ఇద్దరు కల్సి బల్లను షట్టరు దాకా ఈడ్సిండ్రు. ఉక్కపోతకు ఒక్క మనిషి సుత గునుగలే. ఆడోళ్లను బయటికి పంపి ఇద్రీస్ ఫోర్క్‌లిఫ్ట్ చాలు చేసిండు. పండుగపూట ఇదేం పనిరా అని అమరేందర్ వరండాలకెళ్లి కేకేసిండు.

"ఇది దించినంకనే ఇంటికి పోత అన్నా," అన్నడు ఇద్రీస్. పై అంతస్తు నుంచి ఒక్కొక్క ప్యాలెట్ దించుడు వెట్టిండు.

వరండాల గట్టు మీద కూసోని తినేటోళ్లకు అదంత కనవడుతనే ఉన్నది. శ్రీశైలం మూలుగ బొక్క నోట్లె పెట్టి జుర్రుకుంట సూసిండు. మూతి తుడుసుకోని, జిడ్డు ఏళ్లతోనే కాయిదం మీద ముద్ర గుద్దిండు. ఇంటికని కట్టిచ్చిన మటన్ డబ్బా పట్టుకోని కారెక్కిండు.

సరుకంత దిగినంక సుచరిత బకీటు, ఇనుప బ్రష్షు తెచ్చింది. దండ తెంపింది. నెత్తురు గీకితె దాని ఎంట పసుపుపచ్చ రంగు ముద్దలు ముద్దలుగ ఊడొచ్చింది. రంగు కింద వంకర మడత మీద ఇనుము చీలి ఉన్నది. ప్రమీలమ్మ చీలికల గోరు పెట్టింది. గోరు లోపలికి పోయింది.

"ఆయన ఏం రాసిండే?"

"మంచిగున్నదని రాసిండు అత్తమ్మా."

ప్రమీలమ్మ ఖాండ్రించి ఉమ్మేసి, బకీటు దగ్గరికి గుంజుకోని, గోరు కడుక్కున్నది.