కెమెరాకి కనపడని మూల

వాసనొస్తోందేమో, రాకూడదు నిజానికి, కవరు మీద కవరు తొడిగి ముడేసి ఆ ముడి మీద ఇంకో ముడేశాడు మొగుడు, లోపలున్నది డైపరు కాదు పేలే సామానన్నట్టు, డాక్టరు శాంపిల్ అడుగుతారు ఉండనీ అన్నాడు, ఇప్పుడది ఆమె ఆఫీసు బ్యాగులో లాప్‌టాప్ పక్కన దర్జాగా కూర్చుంది, లాప్‌టాప్ కంపెనీది, ఏమన్నా కారితే ఐటీ వాళ్ళకి ఏం చెప్పాలి, కాఫీ ఒలికిందనాలి, ఇంకో అబద్ధం, ఇంకోటి అనుకుంటే మొదటిది ఒప్పుకున్నట్టేగా, లేదు, అబద్ధం ఆడలేదింకా, నోరు మూసుకుంది అంతే, నోరు మూసుకోవడం అబద్ధం కింద లెక్కకి రాదు, వస్తుందా, ఎదురు గోడ మీద పోస్టర్లో బోసినవ్వు పాపాయి ఆమెనే చూస్తోంది, ఒళ్ళో బుడ్డది బ్యాగు పట్టీని జుర్రుతోంది, ఇటు పక్క మొగుడు ఫోన్లో ఫొటో పెద్దది చేసి మళ్ళీ చూపిస్తున్నాడు, ఇదిగో ఈ నల్ల దారాలు చూడు, వంకర్లు తిరిగున్నాయి, పురుగులే ఇవి, పాలు తప్ప ఇంకేం ఎరగని పిల్లకి పురుగులెలా వస్తాయి చెప్పు, అబ్బా కాస్త మెల్లిగా మాట్లాడండి, అవతలావిడ బిస్కట్ తింటోంది, అటు పక్క అత్తయ్య మాత్రం ఏమీ అనట్లేదు, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు పరిచి కూర్చుంది, ఆవిడ ఎప్పుడూ అంతే, బట్టల కొట్లో క్యాష్ కౌంటర్లో పనిచేసినన్నాళ్ళూ నెత్తి మీద కెమెరా ఉండేదట, చేతులు బల్ల కిందికి పోకూడదట, కౌంటరు వదిలి లేచినప్పుడల్లా రెండు చేతులూ తిప్పి కెమెరాకి చూపించి మరీ లేవాలట, ఇదంతా ఓసారి నవ్వుతూ చెప్పింది, కొలువు అయిపోయి ఇన్నేళ్ళయినా ఆ సంగతి ఆ చేతులకి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

అవి పురుగులు కావు, ఆమెకి తెలుసు, పొద్దున్న డైపరు విప్పి మొగుడు కేకేసిన వెంటనే బాత్రూంలోకెళ్ళి గడియపెట్టుకుని ఫోన్లో వెతికింది, మొట్టమొదటి జవాబే అరటిపండు, పండులో ఉండే సన్నటి పోగులు పొట్టలో నల్లబడి అలా కనిపిస్తాయట, భయపడక్కర్లేదట, చదివి అమ్మయ్య అనుకుంది, అనుకుని వెతికిన ఆనవాలు కూడా తుడిచేసింది, ఇంత తెలివి ఎవరి మీద చూపిస్తున్నట్టు, సొంత మొగుడి మీదా, బయటికొచ్చి ఒక్క ముక్క అనుంటే సరిపోయేది, నిన్న సాయంత్రం కాస్త అరటిపండు పెట్టానండీ అని, ఎంత, ఒక్క ఊపిరి, కానీ ఆ ఊపిరి బయటికొచ్చేలోపే అతను చెప్పులేసుకుంటున్నాడు, అత్తయ్య గొళ్ళెం వేస్తోంది, తర్వాత చెప్దాంలే అనుకుంది, ఆటోలో చెప్దాం, మెట్లెక్కేటప్పుడు చెప్దాం, ఇదిగో ఇప్పుడిక్కడ కూర్చుంది, టోకెన్లో ఇంకా ఇద్దరున్నారు వీళ్ళ ముందు, ఆ ఇద్దరూ ఎప్పటికీ అవ్వకపోతే బాగుండు.

ఎలా చెప్తుంది, ఆర్నెల్ల దాకా పాలు తప్ప ఏదీ కూడదని ఇంట్లో జెండా పట్టుకున్నదే తను, అంతా మొదలైంది ఆ మాటతో, అత్తయ్య చాలా మామూలుగానే అంది, నువ్వు తింటుంటే నీ నోటి వంకే చూస్తోందమ్మాయ్, పాపం పాలు చాలట్లేదేమో, మెత్తగా ఏదన్నా నాకిద్దామా, మిగతాదంతా గాలికి పోయింది, చాలట్లేదేమో ఒక్కటీ చెవిలో ఉండిపోయింది, చెవిలో నీళ్ళు పోయినట్టు, తల ఎంత విదిల్చినా పోదు, అందుకే ఆ పూటే లాప్‌టాప్ తెచ్చి సోఫా ముందు పెట్టింది, ఆమె ఉద్యోగం టెస్టింగ్, ఇంకొకళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడమే పని, జీతమిచ్చి మరీ పట్టిస్తారు, చూడండత్తయ్యా, మెడ నిలవాలి, ఆనించి కూర్చోబెడితే పక్కకి ఒరగకూడదు, నోట్లో పెట్టింది నాలుకతో బయటికి తోసెయ్యకూడదు, ఇవన్నీ పాసవ్వాలి, ఆర్నెల్లు నిండాలి, అప్పటిదాకా మన బుడ్డది రిలీజ్‌కి రెడీ కాదు, మొగుడు పడీపడీ నవ్వాడు, ఆడపడుచు కూడా ఉందారోజు, వదినా నీతో పెట్టుకుంటే కష్టమే అంది, దాంతో ఇంకాస్త ఊపొచ్చింది, ఏం చేస్తాం, మీ అమ్మగారి కాలంలో ఏది దొరికితే అది కుక్కేసేవాళ్ళు, మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎలా బతికి బట్టకట్టారో ఏంటో అంది, అందరూ నవ్వారు, అత్తయ్య కూడా నవ్వింది, నవ్వి, సరే అమ్మాయ్ నీ పిల్ల నీ ఇష్టం అని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆ సరే నమ్మలేదు తను, అంత తొందరగా ఒప్పుకునేవాళ్ళని టెస్టర్లు నమ్మరు, సెలవు అయిపోయి ఆఫీసుకెళ్ళాల్సిన ముందురోజు హాల్లో కెమెరా బిగించింది, బుడ్డదాన్ని చూసుకోవాలనిపిస్తుంది కదా అత్తయ్యా మధ్యమధ్యలో, అందుకే, అంది, బుడ్డదాన్నేగా, అవును బుడ్డదాన్నే, ఫోను పట్టుకుని హాలంతా తిరిగి ఎక్కడ కనిపిస్తుందో ఎక్కడ కనిపించదో చూసుకుంది, వంటగది ఎలాగూ రాదు, హాల్లో మాత్రం వాషింగ్ మెషిన్ పక్కన మూల ఒక్కటి మిగిలిపోయింది, పోన్లే తర్వాత చూద్దాం అనుకుంది, అప్పుడు అత్తయ్య అడిగింది, ఎక్కడిదాకా కనిపిస్తుందమ్మాయ్ ఇది, ఆహా, దొరికిందమ్మా దొంగ అనుకుంది లోపల, పైకి మాత్రం ఇల్లంతా అత్తయ్యా అంది, ఆవిడ ఊఁ అని కెమెరా ఎటు తిరిగుందో కాసేపు చూసి కుర్చీ దుమ్ము దులుపుకుంది, ఆ రోజునుంచీ ఆఫీసులో మీటింగుల మధ్య అదే పని, నిద్రపోయిందా చూద్దాం అని ఫోను తీయడం, ముందు చూసేది మాత్రం ఆవిడ చేతుల వంక, చెంచా ఉందా, గిన్నె ఉందా, రెండింతల స్పీడులో తిప్పుతూ తప్పు కోసం వెతకడం, తప్పు దొరక్కపోతే ఊపిరి పీల్చుకోవాలి కదా, కాస్త నిరాశగా ఉండేది, అదేం బుద్ధి.

ఇంకోపక్క పాత ప్రింటర్లు పడేసిన గదిలో తలుపుకి కుర్చీ అడ్డంపెట్టి పాలు తీసే పంపు పట్టుకుని కూర్చునేది, ఆ మిషను గుర్రుగుర్రుమంటూ గంటలో ఏమిచ్చిందిరా అంటే సీసా అడుగు తడిసింది అన్నట్టు ఉండేది, వారం వారం గీత దిగిపోతోంది, బయటినుంచి ఎవరో తలుపు తట్టి ఏవండీ ఇంకా ఎంతసేపు, ప్రింటర్లో టోనర్ అయిపోయింది అనేవాళ్ళు, ఆగండి నాకూ అదే అయిపోతోంది అనాలనిపించేది, ఎవరికీ చెప్పలేదు, మొగుడికీ చెప్పలేదు, డబ్బా పాలు కలుపుదామా అని అతనంటే అక్కర్లేదు బోలెడున్నాయి అనేసింది, చెప్తే ఆవిడ మాట నిజమైపోతుంది, చాలట్లేదు అన్న మాట, మెడా నాలుకా ఆర్నెల్లూ అన్నీ నిజాలే, పుస్తకంలో ఉన్నవే, కానీ ఆ నిజాల వెనకాల తను దాక్కుందే, అది ఏ పుస్తకంలోనూ లేదు.

నిన్న సాయంత్రం తను ఆఫీసునుంచి వచ్చీరాగానే బుడ్డది పట్టుకుంది, రెండువైపులా తాగింది, తాగి ఏడ్చింది, మళ్ళీ పట్టుకుని లాగి లాగి వదిలేసి ముఖం మీదకి ముఖం పెట్టి ఏడ్చింది, ఏముంది అమ్మా నీ దగ్గర అన్నట్టు, మొగుడు సామాన్లకి వెళ్ళాడు, అత్తయ్య స్నానానికెళ్ళింది, నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, బ్యాగులో మధ్యాహ్నం తినకుండా వదిలేసిన అరటిపండు ఉంది, కాళ్ళు వాటంతటవే వాషింగ్ మెషిన్ పక్కకి నడిచాయి, సొంత ఇంట్లో, సొంత పిల్లతో, తను బిగించిన కెమెరాకి తనే కనపడకుండా, గోడకి ఆనుకుని, వేలితో చిదిపి, వేలి కొసతో పెట్టింది, ఇంకాస్త, ఇంకాస్త, నీళ్ళ చప్పుడు ఆగిపోతుందేమోనని చెవులు అటే, తలుపు గడియ చప్పుడయ్యేసరికి తొక్క బ్యాగులో కుక్కి మూతి తుడిచి హాల్లోకి వచ్చి నిలబడింది, అత్తయ్య తల తుడుచుకుంటూ, అరె ఇవాళ తొందరగా ఊరుకుందే బంగారం, పాలు బాగా పడ్డట్టున్నాయి అంది, ఆ, పడ్డాయి అత్తయ్యా, అంది. ఇదిగో ఇది అబద్ధం. లెక్కకొస్తుంది.

సిస్టర్ పిలిచింది, అందరూ లేచారు, డాక్టరమ్మ కవర్లు ఒక్కొక్కటీ విప్పుతూ ఏంటండీ ఇన్ని కవర్లు, బహుమతా అంది, లోపల చూసి కళ్ళజోడు సర్దుకుని నవ్వేసింది, అరటిపండండీ ఇది, పురుగులు లేవు గిరుగులు లేవు, అందరూ ఒకసారి ఇలాగే పరిగెత్తుకొస్తారు, ఎప్పుడు మొదలుపెట్టారు, మొగుడు అబ్బే ఇంకా ఏమీ పెట్టట్లేదండీ, ఆర్నెల్ల దాకా కూడదని మా ఆవిడ, అంటూ ఆగిపోయాడు, టేబుల్ ఫ్యానులా అతని తల మెల్లిగా అటు తిరిగింది, అమ్మా. నేను పెట్టలేదురా అంది అత్తయ్య. అమ్మా, ఎవరూ ఏమీ అనరు, పెడితే పెట్టానని చెప్పు, పెట్టలేదు నాన్నా, మరి పండు దానంతటది నడిచొచ్చి నోట్లో దూరిందా, ఒరేయ్ పెట్టలేదంటుంటే, ఆమె చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, ఆవిడ మాట ఎందుకు నమ్మట్లేదు ఈ మనిషి, కన్నతల్లి కదా, ఎందుకు నమ్ముతాడు, వారాలుగా ఇంట్లో దొంగ ఎవరో తను కెమెరా పెట్టి మరీ చెప్పిందిగా, అతను ఫోన్ తీస్తున్నాడు, గొడవెందుకు, కెమెరాలో చూస్తే పోలా.

అందులో ఏమీ లేదని ఆమెకి తెలుసు, ఆ మూల రాదుగా, అయినా అతను కెమెరా పెట్టిన దగ్గర్నుంచీ వేలితో జరుపుతూ అక్కడక్కడా ఆపి చూస్తుంటే పక్కనుంచి ఆమె కూడా చూసింది, మామూలు స్పీడులో, మొట్టమొదటిసారి చేతుల్ని కాకుండా మనిషిని చూసింది, మొదటి రోజు కుర్చీ కిటికీ దగ్గరుంది, ఆవిడకి గాలి ఇష్టం, తర్వాతి రోజుకి కుర్చీ కెమెరాకి ఎదురుగా నట్టనడుమకి వచ్చేసింది, ఇక అక్కడినుంచి కదల్లేదు, నడుం నొప్పని దిండు పెట్టుకుని అక్కడే కూర్చుంది, బట్టలు అక్కడే మడతపెట్టింది, కంచం మోకాళ్ళ మీద పెట్టుకుని అక్కడే తిన్నది, బుడ్డదాన్ని ఒక్కసారి కూడా అంచు దాటించలేదు, వంటగదికి వెళ్ళాలంటే ఉయ్యాల్లో కెమెరాకి ఎదురుగా పడుకోబెట్టి వెళ్ళింది, తిరిగొచ్చి గుమ్మంలో ఆగింది, ఆగి రెండు చేతులూ ముందుకి చాపి, తిప్పి, వేళ్ళు విప్పి చూపించింది, ఖాళీ చేతులు, ఆ తర్వాతే పిల్లని ఎత్తుకుంది, ప్రతిసారీ, రోజూ, రెండింతల స్పీడులో అది ఒళ్ళు విరుచుకోవడంలా కనిపించేది, ఎక్కడిదాకా కనిపిస్తుందమ్మాయ్ అని అడిగింది తప్పుకోవడానికి కాదు, అంచు ఎక్కడుందో తెలిస్తే దాటకుండా ఉండొచ్చని, ఆ ఇంట్లో కెమెరా నుంచి దాక్కున్న మనిషి ఒక్కతే, బిగించిన మనిషి.

నేనే పెట్టాను, అంది ఆమె, ఎవరికీ వినపడనట్టుంటే మళ్ళీ అంది, నిన్న సాయంత్రం నేనే పెట్టాను, అత్తయ్య స్నానానికెళ్ళినప్పుడు, నాకు పాలు రావట్లేదు సరిగ్గా, చాలట్లేదు, చాలా రోజుల్నుంచీ, మొగుడు ఫోను జేబులో పెట్టబోయి జేబు దొరక్క తడుముకుంటున్నాడు, డాక్టరమ్మ గొంతు మాత్రం మామూలుగానే ఉంది, చాలకపోతే చెప్పాలమ్మా, నేరమా అది, దానికీ దారులున్నాయి, పాలు మానొద్దు, పిల్ల మెడ నిలిపింది, ఆనిస్తే కూర్చుంటోంది, ఆర్నెల్లకి ఎంతో దూరం లేదు, ఇక ఓ చిన్న చెంచాతో మెల్లిగా మొదలుపెట్టుకోండి, ఇంకా ఏదో చెప్తోంది, అమ్మా సారీ అంటున్నాడు అతను, అత్తయ్య అతని వైపు చూడలేదు, ఒళ్ళో పరిచి ఉన్న చేతులు మెల్లిగా ఎత్తి చీర కొంగులో దాచుకుంది, చేతులు కనపడకుండా ఆవిడ కూర్చోవడం ఆమె ఇదే చూడటం, తిడితే బాగుండు, నలుగురిలో నన్ను దొంగని చేశావు కదే అని ఒక్క మాట అంటే బాగుండు, కాళ్ళు పట్టుకోవడానికైనా దారి దొరికేది.

మెట్లు దిగేటప్పుడు పక్కకొచ్చి బుడ్డదాని కాలిమేజోడు పైకి లాగింది అత్తయ్య, చాలాసేపు దాన్నే సర్దింది, సర్దుతూ తలెత్తకుండా అడిగింది, ఎలా తిన్నదమ్మాయ్, ఊసేసిందా, మింగిందా, మా వాడైతే మొదటిసారి పెట్టినప్పుడు ఒంటికన్ను మూసి చింతకాయ కొరికినట్టు మొహం పెట్టాడు, ఇప్పటికీ కళ్ళముందే ఉంది, ఇది ఎలా పెట్టింది మొహం, అని అడిగి ఈసారి ఆమె వైపు చూసింది, కోపంగా కాదు, అడుక్కుంటున్నట్టు చూసింది, ఆమె చెబుదామని నోరు తెరిచింది, గుర్తు తెచ్చుకుంది, వేలి కొస గుర్తుంది, మెత్తటి చిగుళ్ళు ఆ వేలిని నొక్కడం గుర్తుంది, గోడ చల్లదనం, ఆగబోతున్న నీళ్ళ చప్పుడు, బాత్రూం తలుపు మీద పెచ్చులూడిన రంగు, ఆ రంగు ఏ ఆకారంలో ఊడిందో కూడా గుర్తుంది, బుడ్డదాని మొహం మాత్రం లేదు, ఎక్కడ వెతికినా లేదు, కెమెరాలో లేదు, ఆవిడ కళ్ళలో లేదు, తన కళ్ళలోనూ లేదు, పిల్ల మొదటిసారి మింగినప్పుడు తను తలుపు వైపు చూస్తోంది.