నాలుగు వందల కిలోమీటర్ల కోపం

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా నోట్లో పళ్లన్నీ ఇప్పటికిప్పుడు ఊడి నీ ఒళ్లో పడాలి. పెట్టుడు పళ్లే అనుకో, అయినా ఒట్టు ఒట్టే. ఆ పళ్లు చేసినావిడ కథే ఇది.

అందరూ ఆవిణ్ణి పళ్లావిడ అనేవారు. ఇంటి వెనక గదిలో కూర్చుని బోసినోళ్లకి పళ్ల సెట్లు చేసేది. గోడ పొడుగునా అరల్లో తెల్లటి ప్లాస్టర్ అచ్చులు, ఊరందరి చిగుళ్లూ అక్కడే ఉండేవి. గులాబీరంగు మైనాన్ని చిన్న దీపం మీద వెచ్చబెట్టి, అచ్చుకి అద్ది, అందులో ఒక్కో పన్నునీ నాటేది. వెంట్రుకలో వందోవంతు తేడా ఉన్నా పట్టేసేది. ఆవిడ చేసిన సెట్టు పెట్టుకుని ఒకాయన మేకుని కొరికి రెండు ముక్కలు చేస్తే నేను కళ్లారా చూశాను.

ఆవిడకి కోపం వస్తే కరెంటు పుట్టేది. ఆ ఇంట్లో అదొక వింత కాదు. పొద్దున్నే మొగుడు తన ఫోను వైరు కొస తెచ్చి ఆవిడ ఏప్రన్ జేబులో పెట్టి, "ఇది కాఫీనా, గిన్నెలు కడిగిన నీళ్లా?" అనేవాడు. ఫోను టింగుమనేది. వెనకాలే ఆయన అక్కగారు తన ఫోను పట్టుకొచ్చి, "పక్కింటావిడదీ నీదీ ఒకటే వయసట కదమ్మాయ్? ఆవిణ్ణి చూస్తే నీ కూతురంటారు," అనేది. ఆ ఫోనూ నిండేది. కరెంటు పోయినప్పుడు అక్కాతమ్ముళ్లు కూడబలుక్కుని తడి తువ్వాలు తెచ్చి ఆవిడ పక్క మీద పడేసేవారు. గంటసేపు ఫ్యాను తిరిగేది. ఒకసారి అక్కగారు ఆవిడ పుట్టింటివాళ్లని ఏదో అంటే, నాలుగు వీధుల అవతల ట్రాఫిక్ దీపాల్లో మూడు రంగులూ ఒక్కసారే వెలిగాయి.

అంతా బాగానే ఉంది గానీ, కోపమెక్కిన చేతిలో మైనం నిలవదు. కరిగి కారిపోతుంది, నాటిన పన్ను ఒరిగిపోతుంది. ఆ మధ్య సంగీతం మాస్టారి సెట్టు అలాగే వంకరపోయింది. పాపం, ఆయన పాట ఎత్తుకుంటే ఈల వచ్చింది. సెట్టు తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆవిడ రెండు రోజులు ఏడ్చింది. ఏడుపుకి కరెంటు పుట్టదు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించలేదు.

కదల్లేని ముసలివాళ్ల ఇళ్లకి తనే వెళ్లి కొలతలు తీసుకోవాలని ఆవిడ కారు కొనదలుచుకుంది. తన సంపాదనే, ముందురోజే షోరూములో కట్టేసింది. అక్కడున్న రెండు బళ్లదీ ఒకటే ధర. ఏది తీసుకోవాలన్నదే మిగిలింది. దానికి మొగుడూ ఆయన అక్కగారూ కూడా బయల్దేరారు.

గాజు గోడల మధ్య రెండు సెడాన్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. ఒకటి కరెంటుది, ఒకటి హైబ్రిడ్. పళ్లావిడ హైబ్రిడ్ చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"దీనికి వైరేదీ?"

"ఉండదు మేడమ్," అన్నాడు టై కట్టుకున్న సేల్స్ ఆయన. "పెట్రోలు పోస్తే చాలు. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీని అదే నింపుకుంటుంది."

"అంటే దీనికోసం ఎవర్నీ ఏడిపించక్కర్లేదు."

"అస్సలు అక్కర్లేదు మేడమ్."

ఆవిడ దాని బానెట్ మీద చెయ్యి వేసింది, జ్వరం తగ్గిన పిల్ల నుదుటి మీద వేసినట్టు. "నాకిదే కావాలి."

"ఆగాగు," అన్నాడు మొగుడు. "ఇంట్లో ఇంత సౌకర్యం పెట్టుకుని పెట్రోలు బంకుల చుట్టూ తిరగమంటావా?"

"కరెంటుదే తీసుకో తమ్ముడూ," అంది అక్కగారు. "నేనూ ఉన్నాగా. తలో మాటా అన్నామంటే వారానికి సరిపోతుంది."

సేల్స్ ఆయన ఫారం తీశాడు. "ఇంట్లో చార్జింగ్ సదుపాయం ఉందా సార్?"

"ఇదిగో, నిలబడి ఉందిగా."

ఆయన పళ్లావిడ వంక చూసి, 'ఉంది' అని రాసుకున్నాడు.

ఆ మొగుడిది లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. చొక్కా జేబులో ఎప్పుడూ తనిఖీ పుస్తకం ఉండేది. దాన్ని తీసి వెనక పేజీలు తిప్పాడు. "ఊరికే చెప్పడం లేదండీ, అన్నీ కొలిచి రాసుకున్నవే. 'నీకేం తెలుసు' అంటే మూడు శాతం. 'మీ అన్నయ్య వేషాలు' ఏడు. 'పళ్లు చెయ్యడం కూడా ఒక పనేనా' పదకొండు. అదే చుట్టాల ముందు అంటే పద్నాలుగు."

పళ్లావిడ ఆ పుస్తకం లాక్కుంది. ఒక్కో పేజీ తిప్పింది. ప్రతి మాటా గుర్తొచ్చింది. ఏ మాటకి తను అన్నం మానేసిందో, ఏ మాటకి ఎదురు తిరిగి, మర్నాడు పోనీలే పాపం ముక్కోపి మనిషని తనే వెళ్లి పలకరించిందో.

"ఇరవై రెండేళ్లుగా రాస్తున్నారా?"

"మరి? పద్ధతంటూ ఉండాలి కదా."

"ఒక్కసారైనా మీకు నిజంగా కోపం వచ్చిందా?"

"నాకెందుకొస్తుంది?" అన్నాడాయన, నొచ్చుకుంటూ. "నాది చల్లటి స్వభావం."

చూశావా ఆ మాట! నేనే గనక అక్కడుంటే ఆ పుస్తకం ఆయన చేతే నమిలించేదాన్ని, పళ్లు లేకుండా.

 మొగుడు ఆ పుస్తకం తిరిగి లాక్కుని, కరెంటు బండికి వైరు తగిలించి, రెండో కొస ఆవిడ చేతిలో పెట్టాడు. మీటరులో పద్దెనిమిది ఉంది. మొదటి పేజీ నుంచి అందుకున్నాడు. అక్కగారు పక్కన నిలబడి తాళం వేసినట్టు తనో మాట కలిపింది. నలభై అయింది. అరవై అయింది. డెబ్భై ఒకటి దగ్గర ఆగిపోయింది.

"పూర్తిగా నిండితే నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు వెళ్తుంది సార్," అన్నాడు సేల్స్ ఆయన. "ఇంతవరకూ అయినా పరవాలేదు."

"పరవాలేదేమిటి, నిండా ఎక్కిస్తా చూడండి. ఒకటి దాచి ఉంచాను." మొగుడు చివరి పేజీ తీశాడు. "ఏమే, పెళ్లయిన కొత్తలో రేవు ఊరి మాస్టారు నిన్ను రమ్మన్న ఆదివారం గుర్తుందా?"

గుర్తుండకపోవడమా? ఆవిడకి పని నేర్పింది ఆ మాస్టారే. చూపు తగ్గుతోంది, ఆదివారం లోపల వచ్చి నా షాపు నువ్వు తీసుకో, రాకపోతే తలుపేసేస్తా అన్నాడు. ఆ రోజు పాత బండి కదల్లేదు. పెట్టె సర్దుకుని, చీకటి పడేదాకా ఆవిడ ఆ బండిలోనే కూర్చుంది. అదృష్టం లేదనుకుని లోపలికి వచ్చేసింది.

"ఆ రోజు బండి చెడిపోలేదు," అన్నాడు మొగుడు. "ప్లగ్గు వైరు పీకి జేబులో వేసుకున్నాను."

"ఎందుకు?"

"నువ్వు పోతే ఇంట్లో ఫ్యాను ఎవరు తిప్పుతారు?"

ఇక చూడు. షోరూములో దీపాలన్నీ సూర్యుడి తోబుట్టువుల్లా మండాయి. ఉన్న బళ్లన్నీ ఒక్కసారి హారన్ కొట్టాయి. సేల్స్ ఆయన టై నిటారుగా లేచి నిలబడి సాయంత్రందాకా దిగలేదు. మీటరు నూరు దాటి నూట ముప్ఫై చూపించింది. అలాంటి అంకె దాంట్లో లేనే లేదట, ఆ పూటకి అదే తయారు చేసుకుందట. పళ్లావిడ వైరు పీకి కింద పడేసింది.

"పెన్నివ్వండి."

ఫారంలో కరెంటు బండి గడిలో టిక్కు పెట్టి సంతకం చేసింది.

"నే చెప్పలేదూ?" అన్నాడు మొగుడు, చేతులు రుద్దుకుంటూ.

ఆవిడ ఎక్కి తలుపు వేసుకుంది. "అదేంటమ్మాయ్, మేం ఎక్కొద్దూ?" అంటూ అక్కగారు పరిగెత్తుకొచ్చింది. ఆవిడ అద్దం నాలుగు వేళ్లంత దించింది.

"ఇన్నేళ్లూ నా కోపం మీరు వాడుకున్నారు వదినా. ఇవాళ్టిది నేను వాడుకుంటా."

దారి పొడుగునా ఆవిడ ఆ పుస్తకానికి జవాబు చెప్పింది. మొదటి ముప్ఫై కిలోమీటర్లూ కాఫీకే సరిపోయాయి. అన్నయ్య గురించి అన్నదానికి ఒక జిల్లా దాటింది. లారీలవాళ్లు ఆ కేకలు విని రోడ్డు దిగి దారి ఇచ్చారు. చెప్పేకొద్దీ గొంతు తేలికపడింది, మీటరు తగ్గుతూ వచ్చింది. ప్లగ్గు వైరు సంగతి మిగిలింది. దాన్ని వంద కిలోమీటర్లు తిట్టింది. ఉప్పుగాలి తగిలేసరికి పది ఉంది. సందు మలుపు తిరిగేసరికి ఒకటి. మాస్టారి షాపు గుమ్మం ముందు సున్నా పడి బండి ఆగిపోయింది. ఆవిడలోనూ అంతే, అగ్గిపుల్ల గీసేంత వేడి కూడా లేదు.

తలుపు తీసింది మాస్టారే. తొంభై దాటాయి, నోట్లో ఒక్క పన్ను లేదు. ఆవిడ తప్ప ఇంకెవరి చెయ్యీ తన నోట్లో పెట్టనివ్వనని మొండికేసి, ఇరవై రెండేళ్లుగా జావ తాగి బతుకుతున్నాడు.

"ఇంతసేపా అమ్మాయ్?"

"బండి చెడిపోయింది మాస్టారూ," అంది పళ్లావిడ. "మైనం ఎక్కడ పెట్టారు?"

మర్నాడు మొగుడు ఎవరి ఫోనో అడుక్కుని మాట్లాడాడు. తనది ఎప్పుడో చచ్చిపోయింది. పాఠం అప్పజెప్పినట్టు పుస్తకమంతా గుక్క తిప్పుకోకుండా వినిపించాడు. ఆవిడ పన్ను నాటుతూనే విని, "సరేనండీ," అని పెట్టేసింది. మైనం చెక్కు చెదరలేదు. బయట బండి మీటరు సున్నా దగ్గరే ఉంది. అదే హైబ్రిడ్ అయితే, ఏ బంకులోనో పెట్రోలు పోయించుకుని ఆ వారమే తిరిగి వెళ్లిపోయేదేమో. వచ్చేందుకు ఉన్నంత కోపం, వెనక్కి వెళ్లేందుకు ఆవిడ దగ్గర లేకపోయింది. ఇప్పుడు పళ్లకోసం వచ్చిన ముసలివాళ్లు ఆ బండి మెత్తటి సీట్లలో కూర్చుని తమ వంతు కోసం చూస్తుంటారు.

ఇదిగో, ఈ డబ్బీ పట్టుకో. నా కింది సెట్టు. ఊడిపడలేదే, నేనే తీసి ఇస్తున్నా! కాస్త వదులైంది, రేవు ఊరు బస్సెక్కి ఆవిడకిచ్చి, బిగించాక పట్టుకురా. కబుర్లు ఎన్నయినా చెప్పు గానీ, మీ ఆయన ఎలా ఉన్నాడని మాత్రం పొరపాటున కూడా అడక్కు. ఆ బండిలో నలుగురైదుగురు ముసలివాళ్లు కూర్చుని ఉంటారు, దానికి ఒక్క శాతం ఎక్కినా ప్రమాదమే.