యేసమ్మ విడిచిన చెప్పులు

జరుగుండ్రి, జెర దగ్గరికి జరుగుండ్రి, ముచ్చట్లు బంద్ చేసి ఇటు ఇనుండ్రి, విడవాలా వద్దా, చెప్పులు విడవాలా వద్దా, బోధన్ కోర్టు హాలు గడప ముందు యేసమ్మ అడుగు ఆగిపోయింది, చర్చిలోకైతే విడిచే పోతుంది, ఇక్కడా నిజమే చెప్పాలి కదా, విడిచేసి గోడకు ఆనించింది, ఆమె కాళ్లు చూసి వెనకవాళ్లూ విడిచారు, అది ఆమె చూడలేదు, కళ్ల నిండా చెరుకే, కొట్టే అదను దాటి నిలువునా ఎండుతున్న చెరుకు, బండ్ల బాటకు అడ్డంగా పక్క చేను హన్మండ్లు పాతిన కంచె, ఈరోజు నోరు తడబడిందా బాట పోయినట్టే, బాట పోతే చేనుకు లారీ రాదు, నిన్నంతా పక్కింటి సాయన్న ఒకటే పోరు, అక్కా, సినిగిన చీర కట్టు, కమ్మలు తియ్యి, జెర ఏడువు, జడ్జమ్మ దిల్ కరుగుతది, లాయరు సుమిత్రమ్మేమో, అవ్వా, ఉతికిన చీర చాలు, ఫోను బంద్ పెట్టు, వక్క నమలకు, అడిగినదానికే చెప్పు, జడ్జమ్మ దిక్కు సూసి చెప్పు, చినిగిన చీర కలుపు తీయడానికి కట్టేది, దాన్ని ఏడుపు వేషానికి ఎందుకు తేవాలి, పెట్టెలోంచి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం నాటి తెల్లచీర తీసింది, ఆ ఇస్త్రీ మడత తగిలితే చెరుకు గడ తెగుతుంది.

అందరూ లేచారు, జడ్జమ్మ వస్తోంది, యేసమ్మా లేచింది, చర్చిలో లేచినప్పుడల్లా పలికే నోరు ఊరుకుంటుందా, స్తోత్రం, హాలంతా మోగింది, గోడ మీది బల్లి దబ్బున కిందపడింది, ఎవరో కిసుక్కుమన్నారు, చెంపలు మండాయి, తల దించుకుందామా, వద్దు, దించితే బాట కనిపించదు, ఎదురుగా హన్మండ్లు, అయ్యో ఇదేం వేషం, రెండు ట్రాక్టర్ల ఆసామికి చినిగిన అంగీ, మాసిన గడ్డం, సాయన్న ఇతనికీ చెప్పినట్టున్నాడు, జాలి పడబోయింది, అంతలో ఆ చినిగిన జేబులోంచే ఫోను పెళ్లి బ్యాండులా మోగింది, బస్టాండులో బస్సులు ఆగాయట, జడ్జమ్మ కళ్లద్దాల మీంచి చూసింది.

చెప్పమ్మా అంటోంది జడ్జమ్మ, ఏడుపు రావడం లేదు, బాటే వస్తోంది, పెనిమిటి జోసెఫ్ మొదటి చెరుకు బండి తోలింది ఆ బాటనే, చివరిదీ ఆ బాటనే, అమ్మా, గా బాట మా అత్త కాలంకెళ్లి ఉన్నది, గీ హన్మండ్లన్న నాయిన మా బండి ఎదురైతే తన ఎడ్లను పక్కకు ఆపెటోడు, దసరా ఎల్లినంక గీయన కంచె పాతిండు, నా కండ్ల ముంగటనే పాతిండు, గంతే, అని ఆగింది, ఆమె అన్నది అన్నట్టే జడ్జమ్మ టైపు చేసే అతనికి చెప్పింది, బాట చూసి రావడానికి ఒక వకీలును చేనుకే పంపుతానంది, చూడనీ, కళ్లున్నవాళ్లు ఎవరైనా చూడనీ, బండి చక్రాల గాళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి, బాట అడగడానికి వచ్చిన మనిషికి ఉతికిన చీర, నిలబడ్డ వెన్ను చాలు, అంతే, అంతకన్నా ఏం అక్కరలేదు.

బయటికొస్తే గడప నుంచి గేటు దాకా చెప్పుల గుట్ట, అందులో వకీళ్ల బూట్లు కూడా, తనవి వెతుకుతుంటే చాయ్ తాగుతున్న ముసలాయన గ్లాసు పక్కన పెట్టి అడిగాడు, అవ్వా, లోపట పులిహోర పెడుతుండ్రా, దద్దోజనమా?