ఊఁ కొట్టిన పాపానికి

మూడో బస్సు వచ్చి ఆగేసరికి దోరా చేతిలో ఊలుపోగు తెగింది. ఐస్‌లాండ్ గొర్రెల ఊలు మరీ వడిపెట్టని ఊలు, కాస్త గట్టిగా లాగితే చాలు తెగుతుంది. తెగితే ఇక్కడెవరూ ముడి వెయ్యరు. రెండు కొసలనీ ఉమ్మితో తడిపి అరచేతుల మధ్య పెట్టి నలుపుతారు. నలిపిన వేడికి రెండూ ఒకటైపోతాయి. దోరా యాభై ఏళ్లుగా చేస్తున్న పనే కనక ఆలోచించకుండా అదే చేసింది. షాపు అద్దానికి అవతల ఫొటో తీస్తున్న పిల్ల ఒకత్తె ఫోను దించి మొహం అదోలా పెట్టింది.

ఓత్తర్ గల్లాపెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"పిన్నీ, ఉమ్మొద్దని నీకెన్నిసార్లు చెప్పాలి?"

"ఉమ్మకపోతే అతకదు."

"పక్కన నీళ్లు పెట్టించాను కదా."

"నీళ్లకి జిగురుండదురా."

"జిగురు లేకపోతే పోనీ. జనం చూస్తున్నారు."

అవసరం ఉన్న రోజున ఓత్తర్‌కి ఆవిడ పిన్ని, లేని రోజున దోరా. వాళ్లమ్మా దోరా అక్కచెల్లెళ్ల పిల్లలు. మా ఊళ్లో ఎవర్ని తవ్వినా ఎవరికో ఒకరికి చుట్టమే అవుతారు. అందుకని చుట్టరికానికి పెద్ద విలువ లేదు.

దోరా అసలు పేరు హల్దోరా. దొరతనం ఆ ముద్దుపేరులోనే ఉంది, బతుకులో ఎప్పుడూ లేదు. రెండువేల ఎనిమిదిలో దేశంలో బ్యాంకులన్నీ కూలిన ఆ అక్టోబరు దాకా ఆవిడకి ఒక ఇల్లుండేది, ఇంటికి వడ్రంగి మొగుడుండేవాడు. దేశంలో ఇళ్లు కట్టడం ఆగిపోయింది. క్యార్తన్ పనిముట్ల పెట్టె పట్టుకుని నార్వే పోయాడు. రెండేళ్లు డబ్బు పంపాడు, తర్వాత పండక్కి ఫోను చేశాడు, తర్వాత అదీ లేదు. ఇంటి అప్పేమో ధరలతో పాటు పెరిగే రకం. కట్టేకొద్దీ తరగాల్సిన అప్పు కట్టేకొద్దీ బలిసింది. చివరికి బ్యాంకు ఇల్లు తీసుకుంది. ఇప్పుడా ఇంటి పెరట్లో వేడినీళ్ల తొట్టి పెట్టి యాత్రికులకి రాత్రి లెక్కన అద్దెకిస్తున్నారు. ఆ తొట్టి ఉన్నచోట దోరా పుల్లటి కాడల రూబార్బు మొక్కలు పెంచేది.

బ్యాంకులు కూలిన ఆ చలికాలం రాజధానికి పోయి పార్లమెంటు ముందు మేమంతా ప్రభుత్వం దిగిపోవాలని గిన్నెలు వాయించాం. దోరా వాయించిన గిన్నెకి సొట్ట పడింది. ప్రభుత్వం పడిపోయింది, కొందరు బ్యాంకువాళ్లు జైలుకి పోయారు, లోకమంతా మమ్మల్ని మెచ్చుకుంది. జైలుకెళ్లినవాళ్లు బయటికొచ్చారు గానీ పోయిన ఇళ్లు తిరిగి రాలేదు. మా డబ్బు విలువ సగానికి పడిపోయింది కదా, లోకానికి మేం చవకైపోయాం. చవక సరుకు చూడ్డానికి జనం విమానాల మీద విమానాలెక్కి వచ్చారు. దేశం కోలుకుంది అని రేడియోలో చెప్పారు. జబ్బు చేసింది ఒకళ్లకి, చేదు మందు మింగింది ఇంకొకళ్లు. కోలుకున్నది మాత్రం మళ్లీ ఆ మొదటివాళ్లే.

ఓత్తర్ కూడా కోలుకున్నవాళ్లలోనే ఉన్నాడు. బస్సులాగే చోట పాత పెట్రోలు బంకు కొని ఊలు దుకాణం పెట్టాడు. మొదట్లో ఊరి ఆడవాళ్ల దగ్గరే స్వెట్టర్లు కొనేవాడు. భుజాల చుట్టూ ముగ్గులా తిరిగే డిజైనున్న స్వెట్టరుకి పన్నెండు వేల క్రోనాలిచ్చి, తను ఇరవై నాలుగు వేలకి అమ్మేవాడు. పది రోజులు రాత్రీ పగలూ కూర్చుంటే గానీ ఒకటి తేలదు. అయినా ఎవరూ గొణగలేదు. ఉన్నదాంట్లో అదే నయం.

కిందటేడు నుంచి దుకాణంలోకి అట్టపెట్టెలు రావడం మొదలైంది. ఇక్కడి ఊలే ఓడెక్కి చైనా పోతుంది, స్వెట్టరై తిరిగొస్తుంది. చీటీ మీద "ఐస్‌లాండ్ డిజైను, చేతి అల్లిక" అని ఉంటుంది. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. ఎవరి చెయ్యో అడిగినవాడు లేడు.

ఆ పెట్టెలొచ్చిన నెలలోనే దోరాకి అద్దం పక్కన కుర్చీ వేశాడు. పొద్దున్న తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం ఆరు దాకా అల్లాలి. గంటకి పదిహేను వందలు. కుర్చీ కింద, నేలమాళిగలో ఒక గది ఇచ్చాడు, అద్దె నెలకి తొంభై వేలు జీతంలోనే తెగ్గోసేవాడు. బస్సులు తగ్గే చలికాలంలో కుర్చీ ఉండదు, అద్దె మాత్రం ఉంటుంది.

ఆ మధ్యాహ్నమే ఉన్నూర్ వచ్చింది. దోరాతో బడికెళ్లిన మనిషి, ఏటికవతల గొర్రెల మంద ఉంది. గాలికి తలుపు తెరవలేక భుజంతో తోసుకుంటూ, చేతిలో దాణా సంచితో లోపలికొచ్చింది. సంచిలోంచి స్వెట్టర్లు తీసి బల్ల మీద పరిచింది.

"ఇవి తీసుకోవాలి, ఓత్తర్."

"సరుకు నిండిపోయింది, ఉన్నూర్. చూస్తున్నావు కదా."

"కిందటి నెలా నిండే ఉంది. నీ దుకాణం ఎప్పుడు ఖాళీ అవుద్దో చెప్పు, అప్పుడే వస్తా."

"నీకు పన్నెండు వేలిస్తే నాకేం మిగులుద్ది చెప్పు? ఆ చైనావి నాకు ఆరు వేలకి పడుతున్నాయి, ఓడ ఖర్చుతో సహా."

"ఆరు వేలకి ఎవరల్లుతారురా?"

"అల్లుతున్నారు మరి."

"వాళ్లేం తింటున్నారో అడిగావా?"

దోరా చెవులు రెండూ అక్కడే ఉన్నాయి. ఓత్తర్ తొమ్మిది వేలన్నాడు, ఉన్నూర్ పదకొండు దగ్గర నిలబడింది. ఇంతలో పసుప్పచ్చ వానకోటు వేసుకున్న యాత్రికురాలు ఒకావిడ బూడిద రంగు స్వెట్టరు గుండెకి ఆనించుకుని దోరా దగ్గరికొచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగింది. దోరా అటు వింటూనే, ఇటు ఎవరో పలకరించారు గదా అని, ఊపిరి లోపలికి పీలుస్తూ "యౌ" అంది.

ఇక్కడో సంగతి చెప్పాలి. యౌ అంటే మా భాషలో అవును. కానీ మా వాళ్లు దాన్ని ఊపిరి లోపలికి పీలుస్తూ కూడా అంటారు. అలా పీల్చి అంటే అవునని కాదు. వింటున్నాను, కానివ్వు అని. కథకి ఊఁ కొట్టడం లాంటిది. చావు కబురు చెప్పినా అంటాం, వానొస్తోందన్నా అంటాం. పరాయివాళ్లకి మాత్రం అది ఉత్త అవునే.

ఆ యాత్రికురాలు అడిగింది, "ఇది నువ్వే అల్లావా?" అని.

యాత్రికురాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. దోరా చెయ్యి తీసుకుని వేళ్లు నిమిరింది. వంగి బుగ్గ మీద ముద్దు పెట్టింది. పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, ఆ స్వెట్టరుతో పాటు మొగుడికొకటీ కూతురికొకటీ కొనుక్కుని బస్సెక్కేసింది. ఏం జరిగిందో దోరాకి అర్థమయ్యేసరికి బస్సు మలుపు తిరిగింది. ఉన్నూర్ అంతా చూసింది.

బేరం కుదరక సంచి సర్దుకుంటూ ఉన్నూర్ కుర్చీ దగ్గర ఆగింది.

"ఎంతిస్తాడే, ఊఁకి?"

"నేను అవునన్లేదే. ఊరికే ఊఁ కొట్టాను."

"ఊరికేలే. బ్యాంకోడు ఇక్కడో సంతకం పెట్టమ్మా అంటే ఊరికే ఊఁ అన్నాం. క్యార్తన్ ఆర్నెల్లలో వచ్చేస్తా అంటే నువ్వు ఊరికే ఊఁ అన్నావు. మనం ఊరికే అన్నవన్నీ వాళ్లకి గట్టివే అయ్యాయి కదే."

"ఏం చెయ్యమంటావు చెప్పు? కుర్చీ వదిలేస్తే గది పోతుంది."

"వదిలెయ్యమని నేనెప్పుడన్నాను? నా ఇంట్లో పడుకోడానికి చోటుంది. కానీ నీకూ మొండితనమే, నాకు తెలుసు." ఉన్నూర్ సంచి భుజాన వేసుకుంది. "ఆ స్వెట్టరు మన ఊరి ఆడవాళ్లు అల్లిందైతే ఆ ముద్దు నాకు చెందాలి. కాకపోతే ఎవత్తికో చెందాలి. నీకు మాత్రం కాదు."

తలుపు మూసేటప్పుడు గాలి దాన్ని ఉన్నూర్ చేతిలోంచి లాక్కుని దభీమని కొట్టింది. దోరాకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలీక ఎక్కువ మండింది.

ఓత్తర్ మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. కాఫీ తెచ్చాడు. పొగబెట్టిన గొర్రెమాంసం పెట్టిన రొట్టె కూడా తెచ్చాడు. అది బేరం అని దోరాకి అప్పుడే తెలియాల్సింది.

"పిన్నీ, ఆవిణ్ణి చూశావా? నీ మొహం చూసి మూడు కొంది. నాకో ఆలోచన వచ్చింది. ప్రతి స్వెట్టరు చీటీ మీదా నీ ఫొటో. కింద దోరా అని నీ పేరు. అంతే, ఇంకేం రాయను. అబద్ధం ఒక్క ముక్క ఉండదు."

దోరా రొట్టె కొరుకుతూ వింది.

"పనేమో ఏడాది పొడుగునా. చలికాలం కూడా జీతం వస్తుంది. అద్దె డెబ్భై చేస్తాను. అసలా గది యాత్రికులకిస్తే నెలకి రెండు లక్షలొస్తాయని మా ఆవిడ రోజూ పోరుతోంది. నువ్వు ఇంటి మనిషివని ఆగాను."

దోరా ఊపిరి పీల్చి "యౌ" అంది.

"మంచిది. అయితే ఒప్పుకున్నట్టే." ఓత్తర్ లేచి వెళ్లిపోయాడు.

వాడు ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడే. పీల్చిన యౌకీ వదిలిన యౌకీ తేడా తెలిసినవాడే. తెలిసీ తెలియనట్టు పోవడమే వాడి వ్యాపారం.

నాలుగు రోజుల్లో చీటీలు అచ్చయి వచ్చాయి. కొత్తగా వచ్చిన పెట్టె విప్పి వాటిని కట్టే పని కూడా దోరాకే అప్పజెప్పాడు. ఫొటోలో ఆవిడ నవ్వుతోంది. ఎప్పుడు నవ్విందో ఆవిడకే గుర్తు లేదు. ఒక్కో స్వెట్టరూ తీసి మెడ దగ్గర చీటీ గుచ్చుతూ పోయింది. అల్లిక బాగుంది. వంక పెడదామని చూసింది, దొరకలేదు. కుట్లు సమంగా ఉన్నాయి, లోపలి వైపు దారాలు బిగుసుకోలేదు. దోరాకి అదీ కోపమే తెప్పించింది.

ఒక నీలం స్వెట్టరు భుజం దగ్గర వేలికేదో తగిలింది. లాగింది, రాలేదు. వెలుతురులో పెట్టి చూస్తే వెంట్రుక. నల్లగా, పొడుగ్గా ఉంది. ఊలుతో పాటే కుట్టులోకి పోయి, మూడు నాలుగు కుట్లు తిరిగి బయటికొచ్చింది. పని మీద అంతలా వంగి ఉండాలి ఆ పిల్ల. పిల్లో, తల్లో. పొద్దుగూకే వేళ కళ్లు లాగుతుంటే దగ్గరగా పెట్టుకుని అల్లి ఉంటుంది. దోరా కూడా అలాగే అల్లుతుంది. ఆవిడ స్వెట్టర్లలో ఎన్ని తెల్ల వెంట్రుకలు ఎన్ని దేశాలకి పోయాయో ఎవరికి తెలుసు. ఆరు వేలలో ఓడ ఖర్చు పోగా, నడిమివాళ్లు తినగా, ఈ నల్లజుట్టు మనిషికి ఎంత ముట్టి ఉంటుంది? ఉన్నూర్ అన్నది నిజమే. వాళ్లేం తింటున్నారో ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ చేతులకి తన మొహం అతికిస్తున్నారు. అతికిస్తున్నది తనే.

ఆ నీలం స్వెట్టరుకి చీటీ గుచ్చలేదు. మిగిలినవాటికి అప్పటికే గుచ్చేసింది.

బస్సు వచ్చింది. ఓత్తర్ కేకేస్తే కుర్చీలోకొచ్చి కూర్చుని సూదులు అందుకుంది. దుకాణం తడికోట్ల వాసనతో నిండిపోయింది. ఒక ముసలి మొగుడూ పెళ్లాలు స్వెట్టరు పట్టుకుని వచ్చారు. ఆయన చీటీ మీది బొమ్మనీ మనిషినీ మార్చి మార్చి చూసి సంబరపడ్డాడు.

"ఇది నువ్వే కదూ?"

"మొహం నాదే."

"ఎన్నాళ్లు పట్టిందమ్మా అల్లడానికి?"

దోరా నోరు తెరిచింది. అలవాటు చొప్పున గాలి లోపలికి పోబోయింది, ఆపుకుంది.

"నేను అల్లలేదు. చైనాలో ఒకావిడ అల్లింది. బాగా అల్లింది. పేరు నాకు తెలీదు."

చుట్టూ ఉన్న నలుగురూ తలలు తిప్పారు. ఓత్తర్ జనాన్ని తోసుకుంటూ వచ్చి దోరా భుజం మీద చెయ్యేసి గట్టిగా నవ్వాడు.

"మా పిన్ని ఇలాగే ఆట పట్టిస్తుంది. మా దేశంలో జోకులిలాగే ఉంటాయి, మీకు అలవాటవ్వాలి."

అందరూ నవ్వేశారు. హమ్మయ్య అన్నట్టు నవ్వారు. ముసలాయన గల్లాపెట్టె వైపు ఒక అడుగు వేశాడు.

"జోకు కాదు," అంది దోరా.

ఓత్తర్ వేళ్లు భుజం మీద బిగిశాయి. మా భాషలో, పెదవులు కదలకుండా అన్నాడు. "గది సంగతి గుర్తుంచుకో, దోరా."

"జోకు కాదు," అని ఆవిడ ఇంగ్లీషులోనే ఇంకాస్త గట్టిగా అంది. "నేను అల్లింది ఈ కొట్లో ఒక్కటి కూడా లేదు."

ముసలావిడ మొగుడి చేతిలోంచి స్వెట్టరు తీసుకుంది. కోపంగా ఏం లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"మరి నువ్విక్కడ కూర్చుని అల్లుతున్నది ఏంటమ్మా?"

దోరా ఒళ్లోకి చూసుకుంది. సూదుల మీద భుజాల ముగ్గు సగం దాకా వచ్చి ఉంది. ఆ ముక్క చూడ్డానికి బాగుంటుందని ఎప్పుడూ దాన్నే అల్లమన్నాడు ఓత్తర్.

"పొద్దున్న అల్లుతాను, సాయంత్రం విప్పేస్తాను. వేసవంతా ఇదే ఊలు."

"ఎందుకు?"

"మీరు చూడ్డానికి."

ఎవరూ నవ్వలేదు. ముసలావిడ చేతిలో స్వెట్టరు అలాగే ఉంది. అరలో పెట్టాలో బల్ల మీద పెట్టాలో తేలక ఆవిడ అక్కడే నిలబడిపోయింది. భుజం మీంచి చెయ్యి తీసి ఓత్తర్ రెండోసారి, ఈసారి మెల్లగా, "జోకని చెప్పు పిన్నీ," అన్నాడు.

"చెప్పను," అంది దోరా.